టొరంటో మేయరు చేతిలో నిజంగా ఎంత ఉంది? (అక్టోబరు 26 ఎన్నిక చర్చ)

గడపముగ్గు:
2026 అక్టోబరు 26, సోమవారం, టొరంటో మున్సిపల్ ఎన్నికలు. వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడే "ఫలానా వాళ్లు మేయరైతే ప్రాపర్టీ టాక్స్ తగ్గుతుంది", "ఫలానా వాళ్లొస్తే ట్రాఫిక్ తీరిపోతుంది" అని ఫార్వర్డులు తిరుగుతున్నాయి. వీటిలో ఏది మేయరు చేతిలో ఉన్న పని, ఏది కౌన్సిల్ చేతిలో ఉంది, ఏది క్వీన్స్ పార్క్ (ఒంటారియో ప్రావిన్స్ ప్రభుత్వం) చేతిలో ఉంది అని విడదీసి చెప్పేవాళ్లు కనపడటం లేదు. ఈ విషయం మీద పట్టున్నవాళ్లు ఇక్కడ వివరంగా రాయండి. ఏ పార్టీకి వేయాలన్న చర్చ వద్దు. అసలు ఒంటారియో మున్సిపల్ ఎన్నికల్లో పార్టీలే ఉండవు, బ్యాలెట్ మీద పేరు తప్ప గుర్తూ రంగూ కనపడవు. చాలామందికి ఇది కూడా తెలియదు.

చట్టంచదువరి:
రాజ్యాంగం దగ్గర మొదలుపెడితే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. కెనడా 1867 రాజ్యాంగ చట్టం 92వ సెక్షన్‌లో 8వ అంశం ప్రకారం మున్సిపల్ సంస్థలు ప్రావిన్సుల అధికారం కిందికి వస్తాయి. నగరానికంటూ సొంతంగా రాజ్యాంగ హోదా ఏమీ లేదు. మన దేశంలో 74వ సవరణతో మున్సిపాలిటీలు నేరుగా రాజ్యాంగంలోకి ఎక్కాయి. ఐదేళ్ల గడువు, 12వ షెడ్యూలు, వార్డు కమిటీలు అన్నీ అందులో రాసి ఉన్నాయి. అక్కడ ఆచరణ ఎలా ఉన్నా కాగితమైతే ఉంది. టొరంటోకు ఆ కాగితమూ లేదు. ప్రావిన్స్ ఇచ్చిందే అధికారం, తీసుకుంటే పోతుంది.

రెండు ఉదాహరణలు చెబుతాను. టొరంటో, నార్త్ యార్క్, స్కార్‌బరో, ఎటోబికో, యార్క్, ఈస్ట్ యార్క్ ఆరూ వేరువేరు మున్సిపాలిటీలుగా ఉండేవి. 1997 మార్చిలో విలీనం మీద ఓటింగ్ పెడితే 75 శాతానికి పైగా వద్దన్నారు. ప్రావిన్స్‌లోని మైక్ హ్యారిస్ ప్రభుత్వం ఆగలేదు. 1998 జనవరి 1 నుంచి అన్నీ కలిసి ఒకే నగరం, మెల్ లాస్ట్‌మన్ మొదటి మేయరు.

రెండోది 2018. ఎన్నిక అక్టోబరు 22న. 47 వార్డులకు అభ్యర్థులు ప్రచారంలో ఉన్నారు. నామినేషన్లు ముగిసే రోజు, జూలై 27న, ప్రీమియర్ (ప్రావిన్స్ ప్రభుత్వాధినేత) డగ్ ఫోర్డ్ వార్డులను 25కు తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. సెప్టెంబరు 10న సుపీరియర్ కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అవసరమైతే హక్కుల ఛార్టర్‌లో కోర్టు తీర్పును పక్కన పెట్టడానికి వీలిచ్చే 33వ సెక్షన్ వాడి మళ్లీ తెస్తామని ప్రభుత్వం తేల్చి చెప్పింది. సెప్టెంబరు 19న అప్పీలు కోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది, ఎన్నిక 25 వార్డులకే జరిగిపోయింది. చివరికి 2021 అక్టోబరు 1న సుప్రీంకోర్టు 5-4 తేడాతో ప్రావిన్స్ పక్షాన నిలిచింది. నా దృష్టిలో టొరంటో రాజకీయాలకు ఇంతకంటే ముఖ్యమైన తీర్పు ఈ తరంలో లేదు. ఎన్నిక నడుస్తుండగా గ్రౌండు కొలతలు మార్చినా తప్పు కాదని తేలింది కదా.

వార్డు_వాకిలి:
పై పోస్టుకు కొనసాగింపుగా కౌన్సిల్ లెక్క చెబుతాను. ఇది పట్టుబడితే వార్తల్లో సగం గందరగోళం పోతుంది.

25 మంది కౌన్సిలర్లు, ఒక మేయరు, మొత్తం 26 ఓట్లు. మామూలు తీర్మానానికి మెజారిటీ కావాలి. 13-13 వస్తే తీర్మానం వీగిపోయినట్టే, మేయరుకు అదనంగా కాస్టింగ్ ఓటు ఉండదు. 2022 నవంబరు 23 దాకా మేయరంటే ప్రధానంగా 26లో ఒక ఓటు. ఎగ్జిక్యూటివ్ కమిటీకి అధ్యక్షత, కమిటీ ఛైర్లను ఎంచుకోవడం, ఎజెండా నడపడం కూడా చేతిలో ఉండేవి, కానీ ఓటు ఒక్కటే.

ఆ రోజు నుంచి "స్ట్రాంగ్ మేయర్" అధికారాలు వచ్చాయి. వాటిలో బడ్జెట్ ముఖ్యం. ఫిబ్రవరి 1 లోగా మేయరే బడ్జెట్ ప్రతిపాదించాలి. తర్వాత 30 రోజుల్లో కౌన్సిల్ మామూలు మెజారిటీతో సవరణలు చేయవచ్చు. ఆ సవరణలను 10 రోజుల్లో మేయరు వీటో చేయవచ్చు. ఆ వీటోను 15 రోజుల్లో మూడింట రెండు వంతులతో కౌన్సిల్ తిప్పికొట్టవచ్చు. ఏ గడువు దాటినా అప్పటికి ఉన్న రూపమే ఖాయమవుతుంది. అందుకే ఇప్పుడు "కౌన్సిల్ బడ్జెట్‌ను ఆమోదించింది" అనడం కూడా కచ్చితంగా సరైన మాట కాదు, కౌన్సిల్ దాన్ని సవరించడమో వదిలేయడమో చేస్తుంది.

బైలాల (నగరం చేసే చట్టాల) మీద వీటో కూడా ఉంది, కానీ అన్నిటి మీదా కాదు. ప్రావిన్స్ ప్రాధాన్యాలకు, అంటే 2031 నాటికి 15 లక్షల ఇళ్లు, వాటికి కావలసిన రోడ్లు, ట్రాన్సిట్, నీటి లైన్లకు, అడ్డు రావచ్చనుకున్న బైలాల మీదే. దీన్ని తిప్పికొట్టడానికీ మూడింట రెండు వంతులే. 26లో మూడింట రెండు వంతులంటే 18. ఆ ఓటింగులో మేయరు కూడా ఓటేస్తారు కాబట్టి మేయరు పక్కన ఎనిమిది మంది కౌన్సిలర్లు నిలబడితే ఎదుటివైపు 17 దగ్గరే ఆగిపోతుంది, వీటో నిలుస్తుంది.

ఇదే ఎనిమిది ఇంకోచోట కూడా కనపడుతుంది. 2022 చివర్లో వచ్చిన రెండో చట్టం ప్రకారం, ప్రావిన్స్ ప్రాధాన్యాల కోసం మేయరు తెచ్చే బైలా మూడింట ఒక వంతు కంటే ఎక్కువ ఓట్లతో నెగ్గుతుంది. 26లో అది 9, అంటే మేయరూ ఎనిమిది మందీ. 25 వార్డుల్లో 17 వార్డుల ప్రతినిధులు వద్దన్నా బైలా నెగ్గుతుందన్నమాట.

గడపముగ్గు:
అంటే అధికారుల నియామకం కూడా మేయరుదేనా? మన కార్పొరేషన్లలో కమిషనరును రాష్ట్ర ప్రభుత్వం పంపుతుంది కదా.

వార్డు_వాకిలి:
సిటీ మేనేజరును, డిపార్ట్‌మెంట్ హెడ్లను నియమించడం, తీసేయడం ఇప్పుడు మేయరు అధికారం. కావాలంటే ఆ అధికారాన్ని కౌన్సిల్‌కో సిటీ మేనేజరుకో అప్పగించవచ్చు. సిటీ క్లర్కు, ట్రెజరర్, ఆడిటర్ జనరల్, ఇంటెగ్రిటీ కమిషనర్, మెడికల్ ఆఫీసర్, ఫైర్ చీఫ్, పోలీస్ చీఫ్ లాంటి పదవులు ఆ పరిధిలోకి రావు. పోలీస్ చీఫ్‌ను పోలీస్ బోర్డు నియమిస్తుంది. ప్రచారంలో "నేనొస్తే చీఫ్‌ను మారుస్తాను" అని ఎవరన్నా అంటే అది చేయలేని వాగ్దానం.

హైదరాబాద్‌తో పోలిస్తే రెండు తేడాలున్నాయి. అక్కడ మేయరును కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకుంటారు, ఇక్కడ జనం నేరుగా ఎన్నుకుంటారు. అక్కడ కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం పంపిన ఐఏఎస్ కమిషనరుది, ఇక్కడ పెద్ద అధికారి నగరం ఉద్యోగి.

హంబర్‌తీరం:
వాకిలి గారి లెక్క సరైనదే. అయితే దీన్నిబట్టి "ఇక మేయరే రాజు" అనుకుంటే పొరపాటే. కౌన్సిల్‌తో కలిసి నడవని మేయరుకు ఏమవుతుందో ఈ ఊరు ఒకసారి చూసింది.

2010 డిసెంబరు 1, రాబ్ ఫోర్డ్ మేయరుగా బాధ్యతలు తీసుకున్న రోజు. అంతకుముందు మేయరు డేవిడ్ మిల్లర్ హయాంలో 2007లో ప్రకటించిన ట్రాన్సిట్ సిటీ లైట్ రైల్ ప్రణాళిక "ముగిసిపోయింది" అని ఆ రోజే ప్రకటించారు. కౌన్సిల్లో ఓటింగ్ పెట్టలేదు. ఏడాది పైన గడిచాక, 2012 ఫిబ్రవరిలో, టీటీసీ (నగర రవాణా సంస్థ) ఛైర్ కారెన్ స్టింట్జ్ ముందు నిలబడి లైట్ రైల్‌ను మళ్లీ కౌన్సిల్ ముందుకు తెచ్చారు. 25-18తో మేయరు ఓడిపోయారు. 2013 అక్టోబరులో అదే కౌన్సిల్ 24-20తో స్కార్‌బరోలో లైట్ రైల్ వద్దు, సబ్‌వే కావాలంది. ఇలా దిశ మారిన ప్రతిసారీ డిజైన్లు, ఒప్పందాలు, ప్రావిన్స్‌తో మాటలు మళ్లీ మొదటికొచ్చాయి. సబ్‌వే ఇంకా కడుతూ ఉండగానే, 2023 జూలై 24న స్కార్‌బరో ఆర్‌టీ అనే పాత లైనులో రైలు పట్టాలు తప్పింది. ఆ లైను మళ్లీ తెరవలేదు, లక్షల ప్రయాణాలు బస్సుల మీద పడ్డాయి. కౌన్సిల్లో ఒక ఓటు అటూ ఇటూ అయితే ఏమవుతుందో చూడాలంటే కెనెడీ స్టేషన్ బస్ ప్లాట్‌ఫారం మీద నిలబడితే చాలు.

2013 నవంబరులో కౌన్సిల్ రాబ్ ఫోర్డ్ అధికారాల్లో చాలావాటిని డిప్యూటీ మేయర్ నార్మ్ కెల్లీకి బదిలీ చేసింది, మేయరు ఆఫీసు బడ్జెట్‌నూ కోసింది. పదవి నుంచి మాత్రం తీసేయలేకపోయింది, ఎందుకంటే ఒంటారియో చట్టంలో కౌన్సిల్‌కు గానీ ఓటర్లకు గానీ మేయరును రీకాల్ చేసే వీలు లేదు.

చట్టంచదువరి:
హంబర్‌తీరం గారు చెప్పినదాంట్లో ఒక మెలిక ఉంది. అప్పుడు కౌన్సిల్ వెనక్కి తీసుకున్నవన్నీ కౌన్సిల్ తానే ఇచ్చిన అధికారాలు. ఇప్పటి బడ్జెట్, వీటో, నియామకాల అధికారాలు సిటీ ఆఫ్ టొరంటో చట్టంలోనే మేయరు పేరు మీద ఉన్నాయి. కాబట్టి 2013లో వాడిన మందు ఇప్పుడు పనిచేయదు. ప్రావిన్స్ చట్టం మార్చాలి, లేదా మేయరే స్వయంగా అప్పగించాలి. స్ట్రాంగ్ మేయర్ చట్టం మీద నాకున్న అసలు అభ్యంతరం ఇదే. పనులు వేగంగా జరగడానికి తాళం తీశారు సరే, తిరిగి వేయడానికి తాళంచెవి కౌన్సిల్ దగ్గర లేకుండా చేశారు.

ఎగ్లింటన్_ఎండ:
నేను ఒప్పుకోను. పాత పద్ధతిలో బడ్జెట్ పెరిగితే మేయరు కౌన్సిల్ మీదకీ, కౌన్సిల్ మేయరు మీదకీ నెట్టేసేవాళ్లు. ఇప్పుడు ఫిబ్రవరి 1న పెట్టే కాగితం మీద ఒకరి పేరే ఉంటుంది. 2024లో ప్రాపర్టీ టాక్స్ 9.5 శాతం పెంచినది ఎవరంటే అందరికీ తెలుసు. ఓటరుకు అది లాభమే కదా.

చట్టంచదువరి:
బడ్జెట్ వరకు మీ మాట నిజమే అండి. మూడో వంతు ఓట్లతో బైలా నెగ్గడం గురించి మాత్రం నా మాట మీదే ఉంటాను.

లెక్కలపద్దు:
9.5 శాతం ఊసు వచ్చింది కాబట్టి డబ్బు సంగతి చెబుతాను. అన్నిటికంటే ఎక్కువ తప్పుడు ఫార్వర్డులు తిరిగేది దీని మీదే.

మొదటి సూత్రం: నగరం రోజువారీ ఖర్చుకు లోటు బడ్జెట్ పెట్టకూడదు. ఒంటారియో చట్టం ఒప్పుకోదు. అప్పు చేసేది నిర్మాణాలకే. జీతాలకు, బస్సులకు, షెల్టర్లకు ఆ ఏడాది ఖర్చు ఆ ఏడాదే దొరకాలి. అందుకే 2024 బడ్జెట్ మొదలయ్యేటప్పటికి ఉన్న 180 కోట్ల డాలర్ల దాకా లోటును ఎలాగోలా పూడ్చాల్సి వచ్చింది. మార్గాలు మూడే, ఖర్చు కోయడం, పన్ను పెంచడం, పై ప్రభుత్వాల దగ్గర తెచ్చుకోవడం. 2023లో మేయరైన ఒలీవియా చౌ మూడూ చేశారు. 9.5లో 8 శాతం ప్రాపర్టీ టాక్స్, 1.5 శాతం సిటీ బిల్డింగ్ లెవీ (ట్రాన్సిట్, ఇళ్ల నిర్మాణాలకు విడిగా వేసే పన్ను). మరుసటి ఏడాది 6.9 శాతం, అందులోనూ అదే 1.5 లెవీ ఉంది. దీనికి ముందు జాన్ టోరీ హయాంలో చాలా ఏళ్లు పెంపును ద్రవ్యోల్బణం దాటనీయలేదు. ఆ బాకీ ఒక్కసారిగా నెత్తిన పడింది.

ప్రావిన్స్ నుంచి వచ్చినది 2023 నవంబరు 27 నాటి ఒప్పందం. గార్డినర్, డాన్ వ్యాలీ పార్క్‌వే అనే రెండు హైవేలనూ ప్రావిన్స్ తన మీద వేసుకుంది. బదులుగా సరస్సు ఒడ్డున ఒంటారియో ప్లేస్‌ను ప్రావిన్స్ తిరిగి కట్టే విషయంలో నగరం పోరాటం వదులుకుంది. ఈ రెండు రోడ్లకే పాత కథ ఒకటుంది. 2016 డిసెంబరులో వీటి మీద టోల్ పెట్టడానికి కౌన్సిల్ ఒప్పుకుంది. 2017 జనవరిలో ప్రీమియర్ క్యాథ్లీన్ విన్ కుదరదన్నారు. టోల్ వేసుకునే స్వేచ్ఛ లేదు, రోడ్డు మరమ్మతు ఖర్చు మాత్రం నగరానిది. ఆరేళ్ల పైన అలాగే నడిచింది.

ఇక బిల్లు. ఇంటి విలువను ఎంపాక్ అనే సంస్థ కడుతుంది, నగరం కాదు. ఇప్పటికీ వాడుతున్నది 2016 జనవరి 1 నాటి విలువ. టొరంటోలో సగటు ఇంటికి ఆ లెక్కన 6,92,000 డాలర్లు. "మా ఇల్లు ఇప్పుడు 12 లక్షలు, ఎంపాక్ ఏడే వేసింది, పన్ను తప్పించుకున్నాం" అని ఎవరూ సంబరపడనక్కర్లేదు. నగరం ముందు తనకెంత కావాలో తేల్చుకుని, దాన్ని మొత్తం విలువతో భాగించి రేటు కడుతుంది. అందరి విలువా రెట్టింపైతే రేటు సగమవుతుంది. మీ విలువ సగటు కంటే ఎక్కువ పెరిగితేనే మీ వాటా పెరుగుతుంది.

ఎంపాక్ లెక్క తప్పనిపిస్తే ముందు వాళ్లకే పునఃపరిశీలన అర్జీ పెట్టాలి, ఇళ్లకు రుసుము లేదు. అక్కడ తేలకపోతే అసెస్‌మెంట్ రివ్యూ బోర్డు. కౌన్సిలరుకు ఫోన్ చేసి ప్రయోజనం లేదు, వాళ్ల చేతిలో లేని పని. పన్ను ఎక్కువ అని కాదు, అదే వీధిలో అంతే ఉన్న ఇళ్ల కంటే నా ఇంటికి విలువ ఎక్కువ కట్టారని చూపించాలి. అర్జీలు ఎక్కువగా వీగిపోయేది ఇక్కడే.

బిల్లులో ఎడ్యుకేషన్ టాక్స్ వరుస చూడండి. ఇళ్లకు రేటు 0.153 శాతం, పెట్టేది ప్రావిన్స్. 6,92,000 విలువకు సుమారు 1,059 డాలర్లు. మేయరు ఎవరైనా ఆ వరుస కదలదు.

ఏడాది మొదట్లో వచ్చే ఇంటెరిమ్ బిల్లు నిరుటి పన్నులో సగం. కొత్త రేటు తేలాక వచ్చే ఫైనల్ బిల్లులో మొత్తం పెంపు పడుతుంది. జూలై వాయిదా చూసి "ఒక్కసారే ఇంత పెంచారా" అని కంగారుపడేది అందుకే.

గడపముగ్గు:
కొత్తగా ఇల్లు కొనేవాళ్లకు టొరంటో లోపల, బయట తేడా గురించి కూడా చెప్పండి పద్దు గారూ.

లెక్కలపద్దు:
ల్యాండ్ ట్రాన్స్‌ఫర్ టాక్స్, అంటే ఆస్తి కొన్నప్పుడు కట్టే పన్ను. ఒంటారియో అంతటా ప్రావిన్స్ పన్ను ఉంది. టొరంటోలో మాత్రమే దాని మీద ఇంకో మున్సిపల్ పన్ను పడుతుంది. 2006 నాటి సిటీ ఆఫ్ టొరంటో చట్టం ఇచ్చిన అధికారంతో 2008 ఫిబ్రవరి 1 నుంచి వసూలు చేస్తున్నారు. అదే అధికారంతో పెట్టిన 60 డాలర్ల వాహన పన్ను రాబ్ ఫోర్డ్ రాగానే పోయింది, ఇది మాత్రం నిలిచింది.

8 లక్షల డాలర్ల ఇంటికి లెక్క వేద్దాం. మొదటి 55,000 మీద 0.5 శాతం, 275. అక్కడి నుంచి 2,50,000 దాకా 1 శాతం, 1,950. 4,00,000 దాకా 1.5 శాతం, 2,250. మిగిలిన 4,00,000 మీద 2 శాతం, 8,000. మొత్తం 12,475. ప్రావిన్స్‌కు ఒకసారి, నగరానికి ఒకసారి, 24,950. అదే ఇల్లు నగర సరిహద్దులోని స్టీల్స్ రోడ్డు దాటి మార్కమ్‌లో ఉంటే 12,475తో సరి.

మొదటిసారి కొనేవాళ్లకు ప్రావిన్స్ 4,000 దాకా, నగరం 4,475 దాకా తగ్గిస్తాయి. అప్పుడు టొరంటోలో 16,475 కట్టాలి. మెలిక ఏమిటంటే, ఇది ప్రపంచంలో ఎక్కడైనా మొదటి ఇల్లయి ఉండాలి. విజయవాడలో మీ పేరు మీద ఫ్లాటు ఉంటే రాయితీ వర్తించదు. సిటిజన్ గానీ పీఆర్ (శాశ్వత నివాస హోదా ఉన్నవారు) గానీ అయి ఉండాలి. ఈ పన్ను మార్ట్‌గేజ్‌లో (ఇంటి అప్పులో) కలవదు, క్లోజింగ్ రోజు, అంటే ఇల్లు మీ పేరు మీదకు మారే రోజు, చేతి నుంచి కట్టాలి. డౌన్‌పేమెంట్ లెక్క సరిచూసుకుని దీన్ని మరిచిపోతే చివరి వారంలో ఇబ్బంది పడతారు.

ఇంకో మాట. వేకెంట్ హోమ్ టాక్స్ డిక్లరేషన్ ఏటా పెట్టాలి, మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నా సరే. గడువు ఏప్రిల్ 30. పెట్టకపోతే ఖాళీ ఇంటి కింద జమ కడతారు, 2024 పన్ను ఏడాది నుంచి విలువలో 3 శాతం. 6,92,000కు అది 20,760 డాలర్లు. వాదించి రద్దు చేయించుకోవచ్చు, కానీ డిక్లరేషన్ ఐదు నిమిషాల పని.

బ్రాంప్టన్_బాటసారి:
ఇది చదివి మా వైపు వాళ్లు తికమకపడతారు కాబట్టి చిన్న వివరణ. బ్రాంప్టన్, మిస్సిసాగా టొరంటోలో భాగం కావు. వేరే నగరాలు, వేరే మేయర్లు, పైన పీల్ రీజియన్ అనే ప్రాంతీయ ప్రభుత్వం. బ్రాంప్టన్ పన్ను బిల్లులో నగరం, రీజియన్, ఎడ్యుకేషన్ మూడు వాటాలుంటాయి. నీళ్లు, పోలీసు రీజియన్‌వి. పీల్‌ను రద్దు చేస్తామని 2023లో చట్టం తెచ్చి, అదే ఏడాది డిసెంబరులో ఆ నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. స్ట్రాంగ్ మేయర్ అధికారాలు మా రెండు నగరాలకూ 2023 జూలై నుంచి ఉన్నాయి. బ్రాంప్టన్‌లో రెండేసి వార్డులకు ఒక సిటీ కౌన్సిలరూ ఒక రీజనల్ కౌన్సిలరూ ఉంటారు. ఫిర్యాదు నీటి పైపు గురించైతే రీజియన్‌లో కూర్చునే కౌన్సిలరును పట్టుకోండి.

గడపముగ్గు:
ఇక ఓటు సంగతి. పీఆర్ వాళ్లు ఓటేయవచ్చా అన్నది వారానికోసారి ఎవరో ఒకరు అడుగుతున్నారు.

వార్డు_వాకిలి:
వేయకూడదు. కెనడా సిటిజన్ అయి ఉండాలి, 18 నిండాలి, టొరంటోలో ఉండాలి, లేదా ఇక్కడ ఆస్తి సొంతంగానో అద్దెకో ఉండాలి, లేదా అలాంటి వారి భార్యో భర్తో అయి ఉండాలి. అంటే మిస్సిసాగాలో ఉంటూ స్కార్‌బరోలో కాండో ఉన్న సిటిజన్‌కు టొరంటోలో ఓటుంది. అదే కాండోలో పదేళ్లుగా ఉంటూ పన్ను భారం అద్దెలో మోస్తున్న పీఆర్‌కు లేదు. పీఆర్‌లకు ఓటు ఇవ్వండని 2013 జూన్‌లో టొరంటో కౌన్సిల్ 21-20తో ప్రావిన్స్‌ను అడిగింది. ప్రావిన్స్ ఇవ్వలేదు. ఇది సరిదిద్దాల్సిన అన్యాయమే అని నా గట్టి అభిప్రాయం.

అయితే ఓటు లేకపోయినా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రచారంలో పనిచేయవచ్చు. ఒంటారియోలో నివసిస్తుంటే చాలు, సిటిజన్ కాకపోయినా విరాళం ఇవ్వవచ్చు. మేయరు అభ్యర్థికి 2,500 డాలర్ల దాకా, కౌన్సిలర్ అభ్యర్థికి 1,200 దాకా. నోట్ల రూపంలో 25 డాలర్లు దాటకూడదు. కంపెనీ ఖాతా నుంచి ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు. రెస్టారెంట్, ట్రావెల్స్ నడిపేవాళ్లు బిజినెస్ చెక్కు రాసి ఇస్తారు, అది చెల్లదు, అభ్యర్థికి కూడా తలనొప్పి.

వాటన్నిటికంటే పెద్ద ఆయుధం కమిటీలో మాట్లాడటం. ఇక్కడ డిప్యుటేషన్ అంటారు. పౌరసత్వం అడగరు.

హంబర్‌తీరం:
డిప్యుటేషన్ గురించి వాకిలి గారు విడిగా, విపులంగా రాయాలి. ఎలా చేయాలో తెలియకే మనవాళ్లు పిటిషన్ లింకులు పంచుకోవడంతో ఆగిపోతున్నారు.

వార్డు_వాకిలి:
సరే.

ముందు ఐటెమ్ నంబరు పట్టుకోండి. కౌన్సిల్‌కు వచ్చే ప్రతి అంశానికీ నగరం వెబ్‌సైటులో ఒక నంబరుంటుంది. 2024.ఈఎక్స్11.1 లాగా. మొదట సంవత్సరం, తర్వాత కమిటీ, తర్వాత ఎన్నో సమావేశం, చివర ఎన్నో అంశం. ఈఎక్స్ ఎగ్జిక్యూటివ్ కమిటీ, పీహెచ్ ప్లానింగ్ అండ్ హౌసింగ్, ఐఈ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్. ఎస్‌సి స్కార్‌బరో కమ్యూనిటీ కౌన్సిల్, ఎన్‌వై నార్త్ యార్క్. ఎంఎం కనపడితే అది సభ్యుల మోషన్, నేరుగా కౌన్సిల్‌కు వచ్చినది.

జనం మాట్లాడగలిగేది కమిటీలోనూ కమ్యూనిటీ కౌన్సిల్లోనూ (ఒక ప్రాంతపు కౌన్సిలర్ల కమిటీ) మాత్రమే. పూర్తి కౌన్సిల్ సమావేశంలో మాట్లాడనివ్వరు. సిటీ హాల్ నడిమధ్య గుండ్రటి మందిరంలో గ్యాలరీలో కూర్చుని చూడవచ్చు, అంతే. విషయం కౌన్సిల్‌కు చేరాక తెలుసుకుని పరుగెత్తుకొచ్చేవాళ్లే ఎక్కువ, అప్పటికి చేయగలిగేది ఉత్తరం రాయడం ఒక్కటే.

ఎజెండా సమావేశానికి సుమారు వారం ముందు వస్తుంది. ఐటెమ్ నంబరు రాసి ఆ కమిటీ క్లర్కుకు ఈమెయిలు పెట్టి పేరు నమోదు చేసుకోవాలి. వీడియోలోనూ మాట్లాడవచ్చు. నియమం ప్రకారం ఐదు నిమిషాలు. వక్తలు ఎక్కువైతే కమిటీ ఓటు వేసి మూడుకు తగ్గిస్తుంది. కాబట్టి రెండున్నర నిమిషాల్లో ముగిసేలా రాసుకోండి. అసలు కోరిక మొదటి వాక్యంలోనే ఉండాలి: "సిఫార్సు 3ను ఇలా సవరించమని కోరుతున్నాను" అని. అధికారుల నివేదిక మొదటి పేజీలోనే సిఫార్సులు అంకెలు వేసి ఉంటాయి, కౌన్సిలర్లు ఓటేసేది వాటి మీదే. సవరణ వాక్యం మీరే రాసి ముందురోజు మీ కౌన్సిలరు ఆఫీసుకు పంపితే, వాళ్లు దాన్ని మోషన్‌గా పెట్టడానికి వీలుంటుంది. ఐదు నిమిషాలూ బాధ చెప్పుకుని సవరణ ఇవ్వకపోతే, "థాంక్యూ" అని తర్వాతి పేరు పిలుస్తారు.

మాట ముగిశాక కౌన్సిలర్లు ప్రశ్నలు అడుగుతారు. అనుకూలంగా ఉన్న కౌన్సిలరుతో ముందే మాట్లాడుకుంటే, మీకు సమయం చాలని విషయాన్ని వాళ్లు ప్రశ్నగా అడిగి చెప్పిస్తారు. ఇది తప్పేమీ కాదు, అక్కడ అనుభవం ఉన్నవాళ్లంతా చేసేదే.

గుంత, చెత్త బండి, వీధిదీపం లాంటివాటికి ఇదేమీ అక్కర్లేదు, నగర సేవల ఫోన్ నంబరు 311 చాలు. సర్వీస్ రిక్వెస్ట్ నంబరు తీసుకోండి. గడువు దాటినా పని కాకపోతే ఆ నంబరుతో కౌన్సిలరు ఆఫీసుకు రాయండి. నంబరు లేకుండా రాస్తే వాళ్లు మొదట చెప్పే మాట "311కు ఫోన్ చేశారా" అనే.

ఎగ్లింటన్_ఎండ:
పక్కింటివాళ్ల అదనపు అంతస్తు మీద అభ్యంతరం చెప్పడానికి కూడా ఇదేనా?

వార్డు_వాకిలి:
కాదు. అది నిర్మాణ నిబంధనల్లో చిన్న మినహాయింపులు తేల్చే కమిటీ ఆఫ్ అడ్జస్ట్‌మెంట్. అక్కడ కౌన్సిలర్లు కూర్చోరు. 2022 నాటి ప్రావిన్స్ చట్టం తర్వాత అక్కడి నిర్ణయం మీద పొరుగువారికి అప్పీలు హక్కు లేదు, అందుకని విచారణ రోజే మీ మాట చెప్పాలి. పెద్ద టవర్లయితే కౌన్సిల్ కాదన్నా బిల్డరు ఒంటారియో ల్యాండ్ ట్రైబ్యునల్‌కు వెళ్తారు, ప్రావిన్స్ నియమించిన ఆ ట్రైబ్యునల్ మాటే చెల్లుతుంది.

హంబర్‌తీరం:
ఓట్ల చీలిక గురించి ఎవరూ అనలేదు. ఇక్కడ రెండో రౌండు లేదు. ఎవరికి ఎక్కువొస్తే వాళ్లే. 2014లో టోరీ 40 శాతంతో గెలిచారు. ఆయన 2023 ఫిబ్రవరిలో రాజీనామా చేశాక జూన్ 26న జరిగిన ఉపఎన్నికలో బ్యాలెట్ మీద 102 పేర్లున్నాయి. చౌ 37 శాతంతో గెలిచారు, రెండో స్థానంలో అనా బైలావ్‌కు 32 పైన వచ్చాయి. పోలింగు 40 శాతం లోపే. 2022లోనైతే 30 కూడా దాటలేదు. ప్రాధాన్య ఓటు పద్ధతి (అభ్యర్థులకు 1, 2, 3 అని వరుస ఇవ్వడం) పెట్టుకోవడానికి 2016లో ప్రావిన్స్ వీలిచ్చింది, ఒంటారియోలోని లండన్ నగరం 2018లో వాడి చూపించింది కూడా. 2020లో ప్రావిన్సే ఆ వీలు తీసేసింది.

మాంట్రియల్, వాంకూవర్‌లలో మున్సిపల్ పార్టీలున్నాయి, మేయరు పార్టీకి కౌన్సిల్లో బలం ఎంతో ముందే తెలుస్తుంది. టొరంటోలో మేయరు ప్రతి అంశానికీ తన ఓటు కాక కొత్తగా 13 ఓట్లు కూడగట్టుకోవాలి. అందుకే మేయరు ఓటుతో సమానంగా వార్డు కౌన్సిలర్ ఓటును పట్టించుకోండి అని అడుగుతున్నాను. పైన లెక్క చూశారు కదా, ఎనిమిది మంది. మీ వార్డు ఆ ఎనిమిదిలో ఉంటుందా, మిగతా 17లో ఉంటుందా అన్నది తేల్చేది ఆ రెండో గడే.

చట్టంచదువరి:
పోటీ చేద్దామని ఆలోచిస్తున్నవాళ్లు ఉంటే నాలుగు మాటలు. నామినేషన్లు మే 1 నుంచి ఆగస్టు 21 మధ్యాహ్నం 2 దాకా. 25 మంది ఓటర్ల సంతకాలు కావాలి, మీ వార్డువాళ్లే కానక్కర్లేదు, నగరంలో ఎవరైనా సరే. అభ్యర్థి కూడా ఆ వార్డులో ఉండనక్కర్లేదు. నామినేషన్ వేయకముందు ఒక్క డాలరు వసూలు చేసినా, ఖర్చు పెట్టినా తప్పే. ముందుగా కరపత్రాలు అచ్చువేయించుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. వేశాక ప్రచారం కోసం వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. కౌన్సిలర్‌కు ఖర్చు పరిమితి 5,000 డాలర్లు, దాని మీద ఓటరుకు 85 సెంట్లు. 80,000 ఓటర్లున్న వార్డులో 73,000 డాలర్లు. ఎన్నికయ్యాక మరుసటి మార్చి చివరి శుక్రవారం లోగా లెక్కల పత్రం ఇవ్వాలి, ఓడిపోయినా సరే. ఇవ్వకపోతే తర్వాతి ఎన్నికలో పోటీకి అనర్హులు. ఓడినవాళ్లు నిరాశలో ఈ పత్రాన్ని వదిలేయడం చాలాసార్లు జరుగుతుంది.

గడపముగ్గు:
అందరికీ ధన్యవాదాలు. పిన్ చేయమని మోడరేటర్లను అడుగుతాను. పోలింగ్ బూత్‌కు ఏం పట్టుకెళ్లాలో కూడా ఒకరు రాస్తే పూర్తవుతుంది.

వార్డు_వాకిలి:
పేరు, టొరంటో చిరునామా రెండూ అచ్చై ఉన్న ఏదో ఒక గుర్తింపు కాగితం. ఫొటో అక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సు, కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, అద్దె ఒప్పందం ఏదైనా సరిపోతుంది. కెనడా పాస్‌పోర్టు ఒక్కటే పట్టుకెళ్తే చాలదు, అందులో చిరునామా అచ్చై ఉండదు. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన కొత్తలో చాలామంది పాస్‌పోర్టు పట్టుకునే వస్తారు. ఓటర్ల జాబితాను ఇప్పుడు ఎలక్షన్స్ ఒంటారియో చూస్తుంది, ముందే ఆన్‌లైన్‌లో సరిచూసుకోండి. పేరు లేకపోయినా వెనక్కి వెళ్లొద్దు, బూత్‌లోనే చేర్పించుకుని ఓటేయవచ్చు.

బ్యాలెట్ మీద పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. మేయరుకు ఒకటి, కౌన్సిలరుకు ఒకటి, స్కూల్ ట్రస్టీకి ఒకటి, మూడు ఓట్లు. ఒకే పదవికి రెండు పేర్ల దగ్గర గుర్తు పెడితే ఆ ఓటు లెక్కలోకి రాదు. ట్రస్టీ పేరు ఎవరిదో ముందురోజే చూసుకుని వెళ్లండి, చాలామంది ఆ గడి ఖాళీగా వదిలేసి వస్తున్నారు.